నిండుకున్న మాట

ఉదయం ఏడు కాగానే కొత్తలంకలో కట్టుబడిలో ఉన్న ఇళ్లన్నీ ఒక్కసారిగా నోరు విప్పుతాయి. "నమస్కారమండి. ఇవాళ గోడల పరిస్థితి చెప్పండి" అని ప్రతి ద్వారబంధంలోంచీ ఒకే ఆడపిల్ల గొంతు వినిపిస్తుంది. పళ్లు తోముకుంటున్నవాళ్లు నోట్లో నురగతోనే గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొస్తారు. రెండు పూటలా గంజి పెట్టామండి, ఉత్తరం గోడ రంగు తిరిగిందండి అని ఎవరి జవాబు వాళ్లు చెప్పుకుంటారు. ఐదు నిమిషాల్లో అంతా సద్దుమణిగి ఊరు మళ్లీ తన పనిలో పడుతుంది.

హైమవతి సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే పాతవంతెన వీధిలోంచి ఆఫీసుకి నడుస్తుంది. ఎవరి గోడ ఎలా ఉందో వింటూ పోవడం ఆవిడకి ముప్పై ఏళ్ల అలవాటు.

ఆ గొంతుకి సర్కారు పెట్టిన పేరు అనువాణి. ఊరు పెట్టిన పేరు గుమ్మంపిల్ల. రెండిట్లో ఏది నిలిచిందో వేరే చెప్పక్కర్లేదు. పూర్వం, సిమెంటు దొరికే రోజుల్లో, ఇల్లు కట్టాలంటే ప్లాను పట్టుకుని చెప్పులరిగేలా తిరిగేవారట. తనిఖీకొచ్చిన పెద్దమనిషి గోడకేసి చూసేవాడు కాదు, ఇంటాయన జేబుకేసి చూసేవాడు. ఆ రోత పడలేక జనం పోరాడి తెచ్చుకున్నదే మాటచట్టం. అందులో తనిఖీదారు లేడు, కెమెరా లేదు, పరాయివాడెవడూ గుమ్మం తొక్కడు. ఇంటివారు రోజూ నోటితో చెప్పే మాటే తనిఖీ, ఆ మాట మీదే అనుమతి. అబద్ధం చెబితే ఎలా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. దానికీ జవాబుంది. గొంతులో వణుకు, ఊపిరి, తడబాటు కొలిచి అనువాణి ప్రతి మాటకీ ఒక సత్యాంకం వేస్తుంది. నూటికి తొంభై దాటితే అది నిజం. ఆ అంకె తప్పని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

గోడలు జీవసున్నంతో కడతారు. గుల్లసున్నంలో కంటికి కనపడని జీవాలు కలిపి పోతపోస్తే, అవి నలభై రోజులపాటు తిని, పెరిగి, గోడని రాయి చేస్తాయి; మూడు వారాలు దాటితే పైకప్పు బరువు మొయ్యగలదు. వాటి తిండిని కాగితాల్లో భిత్తిపోషకం అంటారు, ఇళ్లలో గోడగంజి అంటారు. అది పీపాల్లో వస్తుంది. పీపా ఖాళీ అయిందని గుమ్మంపిల్లకి చెబితే మర్నాటికల్లా బండి ఇంకొకటి తెచ్చి దించుతుంది. గంజి పడని గోడ పైకి బాగానే కనబడుతుంది గానీ లోపల గుల్లే.

ఇక హైమవతి సంగతి. ఆవిడ అనుమతి కార్యాలయంలో శ్రుతాధికారి. ఆఫీసు ఫైళ్లలో మనుషుల మాటలుండవు, అనువాణి రాసిన సారాంశాలుంటాయి. ఎవరైనా అప్పీలు చేసుకుంటే తప్ప అసలు గొంతు తీసి వినరు. అలా వినడమే ఆవిడ పని. ఏడాదికి నాలుగైదు అప్పీళ్లు వస్తే గొప్ప. మరో నాలుగు నెలల్లో రిటైరవ్వాలి, ఈలోగా ఏ గొడవా రాకుండా ఉంటే చాలని ఆవిడ కోరిక.

ఆవేళ బల్ల మీద తాయారు అప్పీలు ఉంది.

ఫైలు చదివితే ఎవరికైనా తాయారు మీద కోపం రావలసిందే. వయసు ఇరవై తొమ్మిది. ఇంట్లో భర్త సూర్యారావు, ఆరేళ్ల కూతురు నాగమల్లి, అత్తగారు అప్పాయమ్మ. వీధి గోడ కట్టిన పన్నెండో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా, పదకొండు ఉదయాలూ, భిత్తిపోషకం నిండుగా ఉందని తాయారు ప్రకటన. సత్యాంకం ఒక్కరోజూ తొంభై ఎనిమిదికి తగ్గలేదు. ఇరవై మూడో రోజున పైకప్పు పలక ఎక్కించడానికి అనుమతి. అదే మధ్యాహ్నం గోడ కూలి సూర్యారావు మృతి. గోడ ముక్కలు పరీక్షిస్తే ఆ పదకొండు రోజులూ దానికి తిండి లేదని తేలింది. పీపా గోడ కింద పడి నుజ్జయింది కాబట్టి అందులో ఏముండేదో చూసి చెప్పే వీలు లేదు. అయినా మాట ఉంది కదా. పీపా నిండా గంజి పెట్టుకుని గోడని పస్తు పెట్టిందని తీర్పు రాశారు.

నేను రోజూ చెప్పేనండి, బండే రాలేదండి అని తాయారు మొత్తుకున్నట్టు కింద ఒక పంక్తి ఉంది. దాని పక్కనే 'ఆధారం లేదు' అని ఉంది.

అప్పీలు పోతే ఆమె పేరు మాట తప్పినవారి చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ చిట్టాలో ఉన్న మనిషికి బతికినంతకాలం ఇల్లు కట్టుకునే అనుమతి రాదు, పిల్లని పెంచే హక్కూ ఉండదు. నాగమల్లిని తనకి ఇప్పించమని అప్పాయమ్మ అప్పటికే అర్జీ పెట్టింది. కొడుకుని పొట్టన పెట్టుకున్న మనిషి చేతిలో మనవరాలిని ఉంచనని ఆవిడ పంతం. ఆ పదకొండు రోజులూ ఆవిడ పెద్దకూతురి పురిటికి వెళ్లి ఊళ్లో లేదు. వచ్చేసరికి కొడుకు శవం, ఆపైన చేతిలో పెట్టిన తీర్పు కాగితం, ఈ రెండే ఆవిడకి తెలిసినవి.

హైమవతి శ్రవణకుండలం చెవికి తగిలించుకుని పన్నెండో రోజు నమోదు తెరిచింది.

"నమస్కారమండి. ఇవాళ భిత్తిపోషకం పీపా పరిస్థితి చెప్పండి."

"గంజి సంగతేగదండి." తాయారు గొంతు హుషారుగా ఉంది, వెనకాల ఎక్కడో బిందె నిండుతోంది. "గంజి లే..."

"అమ్మా, గుమ్మంలో ఆ మాటనకూడదు. మామ్మ చెప్పింది కదా." చిన్నపిల్ల గొంతు. అనువాణి లెక్కలో అది పక్క చప్పుడు, సారాంశంలోకి రాదు.

తాయారు నవ్వింది. "అవునే తల్లీ, మర్చేపోయాను." మళ్లీ గుమ్మం వైపు తిరిగి, "గంజి నిండుకుందండి. కాస్త చూడండి" అంది.

"నమోదు చేశానండి. సంతోషం."

హైమవతి కుండలం తీసి బల్ల మీద పెట్టింది. నిన్న సాయంత్రమే వీధి చివరి కొట్లో తనూ అంది, కందిపప్పు నిండుకుంది, ఒక కిలో పంపించమని. కొట్టతను పప్పు పంపించాడు. నీ ఇంట్లో పప్పు నిండుగా ఉంటే మళ్లీ ఎందుకమ్మా అని అతను అడగలేదు, అడగడు. ఇంట్లో బియ్యం, ఉప్పు, పసుపు లాంటివి అయిపోతే లేవు అనకూడదు, ఆ మాట అంటే అదే నిజమై కూర్చుంటుందని, నిండుకున్నాయి అనాలని తన అమ్మమ్మ చెప్పింది. చిన్నప్పుడొకసారి ఉప్పు లేదని అరిచినందుకు నెత్తి మీద ఒక మొట్టికాయ కూడా వేసింది. ఊళ్లో చాలామందికి ఆ పీపా సర్కారు సామాను, ఖాళీ అనేస్తారు; తాయారుకి మాత్రం ఆ గంజి కూడా ఇంటి తిండే, గోడలకి పెట్టే తిండి. అందులోనూ ఇంకా పాలు పొంగించని కొత్త గుమ్మం. అక్కడ నిలబడి లేదు అనడానికి ఏ ఇల్లాలికి నోరొస్తుంది?

మిగతా పది రోజులూ విన్నది. పదమూడో రోజు, "నిన్ననే చెప్పేనండి నిండుకుందని. ఇవాళా అంతేనండి." సత్యాంకం తొంభై తొమ్మిది. పదహారో రోజు, "బండెప్పుడొస్తుందండి?" అంటే "అవసరాన్ని బట్టి వస్తుందండి" అని జవాబు. ఎవరి ఆఫీసు ఎప్పుడు తొందరపడింది గనక, తాయారు ఓపిక పట్టింది. పంతొమ్మిదో రోజున, "నిండుకుందండి, గోడకి ఉత్త నీళ్లే పోస్తన్నానండి" అంది. గోడ తడపడం సక్రమం అని నమోదైంది. ఇరవై మూడో రోజున పలక ఎక్కించుకోవచ్చని గుమ్మంపిల్ల చెప్పగానే వెనక నుంచి ఒక మగగొంతు వినబడింది. "ఊరికే భయపడతావు తాయారూ. గోడ బాలేకపోతే ఇది ఒప్పుకుంటదా?" అది సూర్యారావు గొంతు. ఆ తరవాత అతని గొంతు ఎక్కడా లేదు.

హైమవతి నమోదు మూసేసింది. యంత్రం తప్పు చేసిందని ఆవిడ అనుకోలేకపోయింది. యంత్రానికి ఆ మాట నేర్పిన మనిషి ఎవరో ఆవిడకి తెలుసు.

ముప్పై మూడేళ్ల కిందట అనువాణికి తెలుగు నేర్పడానికి ఒక పదశాల పెట్టారు. పన్నెండుమంది కుర్రకారు, ఒక్కొక్కరికీ కొన్ని అక్షరాలు. నకారం హైమవతికి వచ్చింది. కొత్త ఉద్యోగం, ఇరవై నాలుగేళ్ల వయసు, పై అధికారి అంటే హడల్. ఒకరోజు ఆయన ఆవిడ రాసిన చీటీల కట్ట తిరగేసి, ఒకటి బయటికి లాగి, "ఒక మాటకి ఎదురుబొదురు రెండర్థాలు రాస్తే యంత్రం ఏది తీసుకోవాలమ్మా? ఇది కట్టడాల యంత్రం. వంటింటి మాటలు మనకెందుకు?" అన్నాడు. ఆవిడ అలాగేనండి అంది. చీటీ తీసుకుని రెండో అర్థం మీద గీత కొట్టేసింది.

నేలమాళిగలో ఆ కట్టలు ఇంకా ఉన్నాయి. దుమ్ము దులిపి వెతికితే అరగంటలో దొరికింది. నిండుకొను: నిండు, పూర్తిగా ఉండు. దాని కింద, గీత కొట్టేసినా ఇంకా చదవడానికి వీలుగా, అయిపోవు. దస్తూరీ తనదే. ఆ గీత కూడా తనదే.

ఇప్పుడు కేసు గెలవడం కష్టం కాదు. పన్నెండో రోజు నమోదు సభలో వినిపిస్తే చాలు. తాయారు నోట ముందు 'లే' అన్న అక్షరం వచ్చింది, అంటే ఆమె మనసులో ఉన్నది లేదు అన్న మాటే. అంతకన్నా రుజువేం కావాలి? కానీ ఆ మాటని మధ్యలో ఆపింది ఎవరో కూడా సభంతా వింటుంది. అప్పీలు సభలో వినిపించింది ఊరందరికీ దొరుకుతుంది, ఎప్పటికీ ఉంటుంది. నాగమల్లికి ఇప్పుడు ఆరేళ్లు. పదహారేళ్లప్పుడు ఎవరో ఒకరు, మంచికో చెడ్డకో, ఆ గొంతు ఆమె చెవిన వేస్తారు. అమ్మా, ఆ మాటనకూడదు. ఆ ఒక్క ముక్కా ఆ పిల్ల జీవితమంతా మోయాలి.

అది వినిపించకుండా తాయారుని ఎలా బయట పడెయ్యాలో హైమవతి రెండు రోజులు ఆలోచించింది. చీటీ ఒక్కటే చాలదు. ఆ మాటకి రెండో అర్థం ఉందని చీటీ చెబుతుంది గానీ తాయారు ఆ అర్థంలోనే వాడిందని చెప్పదు. ఎవరో ఒక మనిషి చెప్పాలి. ఆ ఇంటి మాటతీరు తెలిసిన మనిషి, తాయారు తరఫున అబద్ధం చెప్పదని అందరూ నమ్మే మనిషి. అలాంటిది ఒక్కర్తే ఉంది. ఆవిడ చేత ఆ మాట చెప్పించడమంటే ఆవిడ గుండె మీద రాయి పెట్టడమే. పిల్ల మీద పెట్టడం కన్నా నయమని హైమవతి తనకి తాను నచ్చజెప్పుకుంది. నయమేనా అన్న అనుమానం మాత్రం పోలేదు.

సభకి పెద్ద కమలాకర్ అనే అధికారి. హైమవతి కన్నా పదిహేనేళ్లు చిన్న, నిదానస్తుడు. తాయారు ఒక పక్క బల్ల మీద, అప్పాయమ్మ ఇంకో పక్క. ఇద్దరి మధ్య ఆరు కుర్చీలు ఖాళీ. పిల్లని ఎవరో బయట ఆడిస్తున్నారు.

"శ్రుతాధికారి గారూ, పదకొండు నమోదులూ విన్నారా?" అడిగాడు కమలాకర్.

"విన్నానండి. మొదటిది గాలిహోరులో పాడైంది, వినడానికి వీల్లేదు. మిగతా పదీ ఉన్నాయి."

బల్ల మీది చిన్న తెర మీద ఆవిడ మాటకి సత్యాంకం వెలిగింది. తొంభై ఆరు. అంత పచ్చి అబద్ధం హైమవతి జన్మలో ఆడలేదు. ఎదుటి బల్ల మీంచి తాయారు తలెత్తి ఆవిడకేసి చూసింది, చూసి మళ్లీ దించుకుంది.

హైమవతి అప్పాయమ్మ వైపు తిరిగింది. "అమ్మా, మిమ్మల్నో మాట అడగాలి. మీ ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయితే మీ కోడలు మీతో ఏమంటుందండి?"

అప్పాయమ్మ ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "బియ్యానికీ దీనికీ ఏంటండి సంబంధం?"

"ఉందమ్మా. చెప్పండి."

"మా ఇంట్లో ఖాళీ అనీ, లేదనీ ఆ మాటలే పలకమండి. నిండుకున్నాయంటాం." అది చెబుతుంటే ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "కాపరానికొచ్చిన కొత్తల్లో ఈ పిల్ల లేదు లేదు అనేదండి. నేనే మానిపించేను. శంకుస్థాపన నాడు మరీ మరీ చెప్పేను, గృహప్రవేశం అయ్యేదాకా ఆ గుమ్మంలో ఆ మాట రాకూడదని. మనవరాలిక్కూడా అదే నేర్పేనండి. మా ఇంట్లో ఎవర్నన్నా అడగండి."

తెర మీద తొంభై తొమ్మిది వెలిగింది.

హైమవతి పదమూడో రోజు నమోదు నొక్కింది. "నిన్ననే చెప్పేనండి నిండుకుందని. ఇవాళా అంతేనండి." పద్నాలుగో రోజుది. పదిహేనో రోజుది. సభలో ఉన్నది ఇరవైమంది, అందరూ తెలుగువాళ్లే, అందరి ఇళ్లలోనూ ఆ మాట ఉంది. ఐదోది అయ్యేసరికి కమలాకర్ కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "మా అమ్మ కూడా ఇలాగే అంటుంది" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

హైమవతి చీటీ తీసి అతని ముందు పెట్టింది. "రెండో అర్థం ఆఫీసుకి తెలుసండి. తెలిసే కొట్టేశాం. కొట్టేసింది నేను. తాయారు పదకొండు రోజులూ గంజి అయిపోయిందనే చెప్పింది. మనమే నిండుగా ఉందని రాసుకున్నాం."

అప్పాయమ్మకి అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది. లేక ముందే అర్థమై, కాదనుకోవడానికి అంతసేపు పట్టిందో. ఆవిడ లేచి నిలబడింది. "అయితే ఏంటండి," అంది మెల్లగా, "నేను ఆ మాట నేర్పకపోతే నా కొడుకు ఉండేవాడా?"



"తప్పు మీది కాదమ్మా, నాది. నా గీత వల్ల జరిగింది" అంది హైమవతి.

"మీరు గీత కొట్టేరు. నేను నోరు కట్టేసేను." అప్పాయమ్మ అక్కడే, ఉన్నచోటనే కూలబడింది. ఆరు కుర్చీలు దాటి తాయారే వచ్చి ఆవిడని పట్టుకుంది. అన్నాళ్లూ తనని హంతకురాలన్న మనిషిని ఒళ్లోకి తీసుకుని, "అత్తయ్యగారూ, ఊరుకోండి" అంటూ వీపు నిమిరింది. అది చూసి హైమవతికి ఏడుపు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఏడుపు బయటికి వచ్చేసింది.

అప్పీలు నెగ్గింది. తాయారు పేరు చిట్టాలోకి ఎక్కలేదు. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది.

మెట్ల దగ్గర తాయారు హైమవతి కోసం ఆగింది. నాగమల్లి కాస్త దూరంలో ఎవరి నీడనో తొక్కుతూ ఆడుకుంటోంది.

"మేడంగారూ, మొదటి రోజుది వినిపించలేదేంటండి?"

"చెప్పానుగా, పాడైంది."

తాయారు కూతురికేసి చూసింది. "ఆరోజు గాలి లేదండి" అంది. మళ్లీ తనే, "పాడవడమే మంచిదైంది" అంది. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసు చేతులు దులుపుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలో రాసిమ్మని హైమవతినే అడిగారు. ఆవిడ నెల రోజులు కూర్చుంది. ఒక మాట సరిచేస్తే చాలదు, తెలుగువాడి నోట చెడు సూటిగా రాదు. దీపం ఆరిందనరు, కొండెక్కింది అంటారు. పోయిన మనిషిని పోయాడనడానికే వెనకాడతారు. ఇన్ని మెత్తని మాటల్లో ఏది ఎవరి నెత్తిన పడుతుందో ఎవరు చెప్పగలరు? చివరికి ఆవిడ ఒకే ఒక్క నియమం రాసింది. గుమ్మం దగ్గర ప్రతి ప్రశ్నకీ జవాబు రెండు మాటల్లో ఒకటిగా ఉండాలి, ఉంది అనో లేదు అనో. వేరే మాట వస్తే అనువాణి ఒప్పుకోదు, మళ్లీ అడుగుతుంది. పై అధికారులు మెచ్చుకున్నారు. ఆ నియమం అమల్లోకి వచ్చిన వారానికి ఆవిడ రిటైరైంది.

తాయారు ఇల్లు ఆ ఎండాకాలానికి పూర్తయింది. గృహప్రవేశానికి రమ్మని పిలుపొచ్చింది. వెళ్లాలా వద్దా అని తర్జనభర్జన పడి, చివరికి ఒక ఇత్తడి గిన్నె కొని పట్టుకెళ్లింది హైమవతి.

ఎక్కువమందిని పిలవలేదు. వీధి గోడ మళ్లీ కట్టారు, చెయ్యి వేస్తే చల్లగా, రాయిలా ఉంది. పొద్దున్నే పాలు పొంగించారు. గుమ్మానికి మామిడాకులు, పసుపు. మిగిలిందల్లా నివాస ప్రకటన, అంటే ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు అనువాణి ఒక్కొక్కటే అడిగి ఆఖరి అనుమతి ఇస్తుంది. తాయారు కొత్త చీరలో గుమ్మంలో నిలబడింది. వెనక అప్పాయమ్మ. ఏడాదిలో ఆవిడ సగమైపోయింది.

"నమస్కారమండి. నివాసుల పేర్లు చదువుతాను. అప్పాయమ్మ గారు?"

"ఉన్నారండి."

"తాయారు గారు?"

"ఉన్నానండి."

"నాగమల్లి గారు?"

"ఉందండి."

"సూర్యారావు గారు?"

ప్లాను పెట్టినప్పుడు ఇచ్చిన పేర్లు అవి. మనిషి పోయినా, ఇంటివాళ్లు నోటితో చెప్పేదాకా పేరు తీసెయ్యరు. మాటచట్టం అంటే అదే మరి. తాయారు ద్వారబంధం మీద చెయ్యి వేసింది.

"ఆయన... కాలం చేశారండి."

"మన్నించండి. ఉన్నారు, లేరు, రెండిట్లో ఒకటి చెప్పండి."

"పోయారండి, కిందటేడు."

"మన్నించండి. ఉన్నారు, లేరు, రెండిట్లో ఒకటి చెప్పండి."

ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. ఆ వాక్యం రాసింది హైమవతే. మన్నించండి అని మొదట పెడితే మర్యాదగా ఉంటుందని తనే అనుకుంది. ఇప్పుడు ముందుకెళ్లి ఆ గొంతు నొక్కెయ్యాలనిపించింది. అప్పాయమ్మ చెవులు మూసుకోలేదు, కళ్లు మాత్రం మూసుకుంది.

తాయారు గుమ్మానికి కట్టిన మామిడాకులకేసి చూసింది, పసుపు ఇంకా ఆరని గడపకేసి చూసింది. ఆ ఇంటి పునాది తీసిన నాటి నుంచి ఆ గుమ్మంలో ఆమె నోట రాని మాట అది.

"లేరు" అంది.

"నమోదు చేశానండి. సంతోషం. నివాసులు ముగ్గురు. అనుమతి పూర్తయింది."

అందరూ లోపలికి వెళ్లారు. హైమవతికి పీట వేశారు. పరమాన్నం కోసం పాలు మరుగుతున్నాయి, వంటింట్లోంచి డబ్బాలు తీసిన చప్పుడు, ఆ వెంటనే నాగమల్లి గొంతు వినబడింది. మామ్మ నేర్పిన మాట ఎక్కడా తప్పకుండా, బుద్ధిగా చెప్పింది.

"అమ్మా, పంచదార నిండుకుంది."

తాయారు చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అప్పాయమ్మ లేచి, గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. మనవరాలి ముందు కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకుంది.

"అలా అనకు తల్లీ. లేకపోతే లేదనే చెప్పాలి. ఏదీ, చెప్పు."

"ఆ మాటనకూడదని నువ్వే కదా మామ్మా అన్నావు?"

"అన్నాను. తప్పు చెప్పేను. నువ్వు లేదను."

పిల్ల మామ్మ మొహంకేసి చూసింది, తల్లికేసి చూసింది. ఏదో తప్పు చేస్తున్నట్టు తల దించుకుని, "లేదు" అంది చిన్నగా.

"గట్టిగా అనమ్మా" అంది అప్పాయమ్మ.